ఆరు సిలిండర్ల జోంగా... సోమశిల దాకా!

సోమశిల దగ్గర రోడ్డు అయిపోతుంది. ఎంత పెద్ద బండి అయినా, ఎంత ఖరీదైన కారు అయినా కృష్ణమ్మ ఒడ్డున ఆగాల్సిందే. అవతలి గట్టు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. అది ఆంధ్రప్రదేశ్... నంద్యాల జిల్లా. సిద్ధేశ్వరం, సంగమేశ్వరం అటువైపే. వెళ్లాలంటే బోటెక్కాలి. బండిని మాత్రం ఇటు గట్టున, నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ మండలంలోనే వదిలిపెట్టాలి.

అలా నిలిపిన బండ్లలో మొన్న దసరా సెలవుల్లో మా బావది కూడా ఉంది. చుట్టూ నాలుగైదు కొత్త కార్లున్నా ఒడ్డుకొచ్చిన పిల్లలంతా దాని చుట్టూనే చేరారు. చేరరా మరి! ఆకుపచ్చ రంగు, గుండ్రటి హెడ్‌లైట్లు, మనిషి నడుమెత్తు బానెట్. ‘ఇది మిలట్రీ బండా అంకుల్?’ అని ఒకడు, ‘బానెట్ ఎత్తి చూపించరా?’ అని ఇంకొకడు. బావకు కావాల్సిందీ అదే. నది చూడ్డానికి వచ్చినవాడు అరగంట ఇంజిను చూపిస్తూ కూర్చున్నాడు.

ఆ బండి పేరు జోంగా. పాత సినిమాల్లో, సైనిక కవాతుల ఫొటోల్లో చాలామంది చూసే ఉంటారు. పేరు విని అదేదో ఆఫ్రికా అడవుల్లో పుట్టిందనుకుంటారు కానీ అచ్చంగా మన దేశంలో పెట్టిన పేరే. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ... ఈ మాటల్లోంచి అక్షరాలు ఏరుకుని జోంగా అన్నారు. అసలు రూపం జపాన్‌ది. నిస్సాన్ కంపెనీ ‘పెట్రోల్’ పేరుతో జీపులాంటి బండి తయారుచేసేది. మనం పోయించుకునే పెట్రోలు కాదు, గస్తీ తిరగడం అనే అర్థంలో! ఆ కంపెనీతో ఒప్పందం చేసుకుని మన సైన్యం కోసం 1969 నుంచి 1999 దాకా, ముప్ఫై ఏళ్లపాటు జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో తయారుచేశారు. సైన్యం వాడి పక్కనపెట్టినవి వేలంలో బయటికొచ్చాయి. క్రికెటర్ ధోనీ 2019లో ఒకటి కొనుక్కుని రాంచీ వీధుల్లో నడిపేసరికి ఈ పేరు కొత్తతరానికీ తెలిసింది. బావ అంతకు చాలాముందే, ఇలాంటి బండ్లను తుక్కు కిందకొనే రోజుల్లోనే తెచ్చుకున్నాడు.

వేలంలోంచి బయటికొచ్చిన జోంగాల్లో చాలావాటికి ఇప్పుడు పుట్టుకతో వచ్చిన గుండె లేదు. పెట్రోలు ఖర్చు భరించలేక ఇంజిను పీకేసి ఏదో ఒక డీజిల్ ఇంజిను బిగించుకున్నారు. బావ బండిలో మాత్రం అదే ఉంది... వరసలో ఆరు సిలిండర్లు, 3,956 సీసీ. దాన్ని ఉంచాలా, మార్చాలా అన్న తగువు బావకూ మా మేనల్లుడికీ మధ్య రెండేళ్లుగా నడుస్తోంది. హైదరాబాద్ నుంచి సోమశిలకు 180 కిలోమీటర్ల పైచిలుకు. ‘అక్కడిదాకా పోయి వద్దాం. దారిలో మొండికేస్తే డీజిల్ ఇంజిను వేయించేస్తా, సరేనా?’ అన్నాడు బావ. అలా బయల్దేరాం.

ఒకే రోట్లో రోకళ్లు

నాలుగు లీటర్లకు యాభై మిల్లీలీటర్లు కూడా తక్కువలేని ఇంజిను అంటే ఎంత పెద్దదో ఊహించుకోవడానికి ఒక లెక్క. మారుతి 800 ఇంజిను మొత్తం 796 సీసీ. జోంగాలో ఒక్క సిలిండరే దాదాపు 660 సీసీ! అంటే మారుతి ఇంజిన్లు దాదాపు ఐదు ఒకే బానెట్ కింద కూర్చున్నట్టు. ఇంతా చేస్తే శక్తి 110 హార్స్‌పవర్ మాత్రమే. ఇప్పటి చిన్న కార్లలో వెయ్యి సీసీ టర్బో ఇంజిన్లే ఇంచుమించు అంత ఇచ్చేస్తున్నాయి. మరి ఈ ఏనుగు వల్ల లాభమేంటి?

ఆ మాటకు జవాబు సిలిండరు కొలతల్లోనే ఉంది. దాని వెడల్పు 85.7 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 114.3 మిల్లీమీటర్లు. వెడల్పు తక్కువ, నడక ఎక్కువ. పొడుగుపాటి కాడి ఉన్న గిలకబావి లాంటిదన్నమాట. వేగంగా తిరగలేదు కానీ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే బరువు లాగేస్తుంది. టాప్ గేరులో నడిచివెళ్లే మనిషికి కాస్త ముందుగా వెళ్తూ కూడా ఇంజిను గునవదు, వణకదు. యాక్సిలేటర్ మీద కాలు పెడితే చాలు, గేరు మార్చకుండానే ఎత్తుకుంటుంది. బురదలో, ఇసుకలో, కొండదారిలో సైన్యానికి కావాల్సింది అదే కదా.

ఇక ఆరు సిలిండర్ల సంగతి. వెనకటి రోజుల్లో ఒకే రోట్లో ముగ్గురు నిలబడి వడ్లు దంచడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక రోకలి దిగేసరికి ఇంకొకటి లేస్తుంది. ఒకదానికొకటి తగలవు, చప్పుడులో ఎక్కడా ఖాళీ ఉండదు. వరస ఆరు సిలిండర్ల ఇంజినూ అంతే. ప్రతి సిలిండరూ క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కసారి మండుతుంది. ఆరూ కలిస్తే ప్రతి మూడోవంతు చుట్టుకూ ఒకటి! అదీ పక్కపక్కనే కాదు... 1, 5, 3, 6, 2, 4 వరసలో. ఒక కొసన ఒకటి మండితే తర్వాతది అవతలి కొసకు దగ్గర్లో మండుతుంది. రెండు పిస్టన్లు పైకొస్తుంటే వేరే రెండు జతలు ఆ ఊపును సరిచేస్తాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్లకు ఎంతో కొంత వణుకు తప్పదు. ఇందులో ఆ వణుకు దానంతటదే రద్దయిపోతుంది. నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతుంటే సెకనుకు వంద దంపులు. చెవికి అవి దంపుల్లా వినపడవు, ఒకటే సన్నటి హోరు.

ఈ నునుపు కోసమే రోల్స్‌రాయిస్ కంపెనీ వందేళ్ల కిందటే ఆరు సిలిండర్లను నమ్ముకుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్తే నిజాం నవాబుల పసుపురంగు సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. 1912 నాటిది. దాని ఇంజిను 7,428 సీసీ. మూడేసి సిలిండర్ల పోతలు రెండు పక్కపక్కన పెట్టి ఆరు చేశారు. జోంగా దానికి దూరపు చుట్టమే అనుకోవచ్చు. కాకపోతే అది దర్బారు కోసం పుట్టింది, ఇది సరిహద్దుల్లో తిరగడానికి.

పొద్దున్నే పది నిమిషాలు

కొత్త కారు ఎక్కగానే తాళం తిప్పి వెళ్లిపోతాం. పాత ఇంజినుతో అలా కుదరదు. బయల్దేరేరోజు పొద్దున ఐదింటికే బావ బానెట్ ఎత్తాడు. మొదట ఆయిల్ కడ్డీ. తుడిచి, మళ్లీ ముంచి, పైకి తీసి చూడాలి. కొలతే కాదు, రంగూ చూడాలి. నల్లగా ఉంటే ఫరవాలేదు. పాలు కలిపిన కాఫీలా ఉంటే మాత్రం ప్రయాణం మానుకోవాల్సిందే. హెడ్ గాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయని అర్థం. తర్వాత రేడియేటర్ నీళ్లు, ఫ్యాన్ బెల్టు. బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. ఎక్కువ దిగితే జారుతుంది, తక్కువ దిగితే వాటర్ పంపు బేరింగు తింటుంది. పెట్రోలు పైపుల కీళ్ల దగ్గర చేత్తో తడిమి వాసన చూశాడు. ఇదంతా పది నిమిషాల పని.

అంతకుముందు ఆదివారం బావ పాతబస్తీ నుంచి వచ్చే ఉస్తాద్‌తో కూర్చుని పెద్ద పనులు చేయించాడు. డెబ్భై ఏళ్లకు దగ్గరపడ్డ ఆయన ముందుగా ఆరు ప్లగ్గులూ విప్పి, ఏది ఎక్కడిదో మర్చిపోకుండా వరసగా గుడ్డ మీద పేర్చాడు. ప్లగ్గు చూసి సిలిండరు ఆరోగ్యం చెప్పేస్తాడు. కొస బిస్కెట్ రంగులో ఉంటే అంతా సవ్యం. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లగా ఉంటే తక్కువ అందుతోంది, వేడెక్కుతోంది. తడిగా, జిడ్డుగా ఉంటే రింగులు అరిగి ఆయిల్ పైకొస్తోంది. వైద్యుడు నాలుక చూసినట్టే!

తర్వాత సీబీ పాయింట్లు. ఇప్పటి బండ్లలో ఈ పని కంప్యూటర్ చేస్తుంది. ఇందులో మాత్రం డిస్ట్రిబ్యూటర్ మూతకింద రెండు చిన్న లోహపు బొడిపెలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఏ ప్లగ్గుకు ఎప్పుడు మంట పుట్టాలో తేలుస్తాయి. వాటి మధ్య ఖాళీ సుమారు అర మిల్లీమీటరు. అరిగితే ఆ కొలత మారుతుంది, మంట పుట్టే సమయమూ మారుతుంది. ఇంజిను తెలియకుండానే నీరసపడుతుంది. బండి లాగట్లేదని కార్బొరేటర్ విప్పించి డబ్బులు వదిలించుకునేవాళ్లలో సగంమందికి అసలు జబ్బు ఇక్కడే ఉంటుందన్నది ఉస్తాద్ మాట. నాకూ నమ్మబుద్ధవుతోంది.

టాపెట్ల దగ్గర ఆయన చెప్పింది మాత్రం ఎవరైనా గుర్తుపెట్టుకోవాల్సిందే. వాల్వుకూ రాకర్‌కూ మధ్య సన్నటి రేకు పట్టేంత సందు ఉండాలి. సందు ఎక్కువైతే టిక్కుటిక్కుమంటుంది. చాలామంది ఆ చప్పుడు నచ్చక బిగించేయమంటారు. బిగిస్తే ఇంజిను వేడెక్కినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి మంట తోసుకొచ్చి వాల్వు అంచును కాల్చేస్తుంది. ‘మాట్లాడే టాపెట్‌తో భయంలేదు సార్, నోరు మూసుకున్నదానితోనే!’ అని నవ్వాడు. చివరగా ఆరు సిలిండర్లలోనూ కంప్రెషన్ కొలిచాడు. అంకె ఎంత వచ్చిందన్నది కాదు, ఆరూ ఇంచుమించు ఒక్కలా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. ఒకటి మిగతావాటికన్నా పదో వంతుకు మించి తగ్గితే అక్కడ ఏదో ఉంది. బావ ఇంజినులో ఆరోది కాస్త తగ్గింది కానీ ఆ గీతలోపే. మా మేనల్లుడు ఫోన్‌లో అంకెలు రాసుకున్నాడు, తగువులో పనికొస్తాయని.

ముల్లు మీదే కళ్లు

హైదరాబాద్ నుంచి జడ్చర్ల దాకా జాతీయ రహదారి. పక్కనుంచి అందరూ మమ్మల్ని దాటేసిపోతున్నా బావ గంటకు అరవై దాటనివ్వలేదు. జడ్చర్ల దగ్గర ఎడమకు తిరిగి బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్. అక్కడినుంచి పెద్దకొత్తపల్లి మీదుగా కొల్లాపూర్. వానలు బాగా పడ్డ ఏడాది కావడంతో దారిపొడవునా చెరువులు నిండుగా కనిపించాయి. పాలమూరు అంటే ఎండిన నేలలూ వలసబండ్లూ గుర్తొచ్చేవాళ్లకు ఈ కాలంలో ఈ దారి చూపించాలి. మొక్కజొన్న కంకులు రోడ్డు మీద ఆరబోశారు. పత్తి తెల్లగా విచ్చుకుంది.

నేనూ మా అక్కా ఇవన్నీ చూస్తుంటే బావ మాత్రం డ్యాష్‌బోర్డులోని ముల్లు చూస్తున్నాడు. పాత ఇంజిను ప్రయాణంలో అసలు శత్రువు వేడి. దాన్ని బయటికి పంపేది రేడియేటర్. దాని సన్నటి గొట్టాల్లో ఉప్పు పేరుకుంటే నీళ్లు నిండా ఉన్నా ప్రయోజనం ఉండదు. అందుకే దారిలో కనపడ్డ బోరునీళ్లు పోయకూడదు. మరిగించిన గిన్నెలో తెల్లగా ఏం మిగులుతుందో అదే రేడియేటర్లోనూ మిగులుతుంది. కూలెంట్ కలిపిన డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఒకటి వెనకసీట్లో మాతోపాటే ప్రయాణం చేసింది. అన్నట్టు, ముల్లు ఎర్రగీతకు చేరితే వెంటనే మూత తిప్పడం ప్రాణాంతకం. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు మరుగుతూ ముఖం మీదికి చిమ్ముతాయి. ఇంజిను ఆపి, బానెట్ ఎత్తి, అరగంట చెట్టుకింద కూర్చోవడమే మందు.

మా ముల్లు సగం దగ్గరే నిలబడింది. ఆగింది మాత్రం వేరే కారణానికి. పెద్దకొత్తపల్లి దాటాక టీ కోసం పావుగంట ఆపాం. మళ్లీ స్టార్టు చేస్తే రెండు ఫర్లాంగులు వెళ్లి దగ్గి ఆగిపోయింది. మా మేనల్లుడి ముఖం వెలిగింది. బావ తొణకలేదు. నీళ్లసీసా, పాత నూలుగుడ్డ తీసుకుని దిగాడు. గుడ్డ తడిపి పెట్రోలు పంపుకీ, దాన్నుంచి కార్బొరేటర్‌కు వెళ్లే పైపుకీ చుట్టాడు. ఐదు నిమిషాల్లో స్టార్టయింది. ‘వేపర్ లాక్’ అంటారు దీన్ని. వేడి ఇంజిను ఆపగానే గాలి ఆడక పైపులోని పెట్రోలు మరిగి ఆవిరి బుడగ అవుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు కానీ బుడగను తోయలేదు. తడిగుడ్డ చల్లదనానికి బుడగ మళ్లీ ద్రవమవుతుంది. పాత అంబాసిడర్ డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కానే. తర్వాత నుంచి ఆపినచోటల్లా బానెట్ కాస్త ఎత్తిపెట్టాం, మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

కొల్లాపూర్‌కు ముందు సింగోటం వస్తుంది. చెరువుగట్టున లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. సంక్రాంతి సమయంలో జరిగే జాతరకు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొస్తాయి. కొల్లాపూర్ ఒకప్పుడు సురభి వంశీయుల జటప్రోలు సంస్థానానికి రాజధాని. వాళ్ల కోట ఇప్పటికీ ఊరి నడుమ ఉంది. వేసవిలో వెళ్తే ఇక్కడి బేనిషాన్ మామిడిపళ్లు తినకుండా రాకూడదు. అక్కణ్నుంచి పది కిలోమీటర్లలోపే సోమశిల.

విప్పి, అంకెలేసి, మళ్లీ పేర్చి...

చివరి మలుపు తిరిగి నదివైపు దిగుతుంటే ఒక్కసారిగా నీళ్లు. నది అనడానికి లేదు, సముద్రంలా ఉంటుంది. శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తిమట్టానికి నిండినప్పుడు వెనక్కి నిలిచే నీళ్లివి. చుట్టూ నల్లమల కొండలు. మధ్యలో అక్కడక్కడ దీవుల్లా గుట్టలు. ఒడ్డున వలలు, పుట్టీలు, ఎండబెట్టిన చేపల వాసన. పొద్దున ఏడు గంటలకూ సాయంత్రం ఐదు గంటలకూ ఈ నీళ్ల రంగు రెండు రకాలు. నాకైతే పొద్దుటిదే నచ్చింది.

ఊళ్లో సోమేశ్వరాలయం ఉంది. ద్వాదశ జ్యోతిర్లింగాల పేర్లతో వరసగా చిన్నచిన్న శివాలయాలు. కాశీ, రామేశ్వరం, కేదారం అన్నీ ఒకే ప్రాంగణంలో చుట్టిరావచ్చని ముసలివాళ్లు ఇష్టంగా వస్తారు. చాళుక్యుల కాలంనాటివంటారు. అయితే ఈ గుడులు కట్టిన చోటు ఇది కాదు. ఆ చోటు ఇప్పుడు నీళ్లకింద ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు నిండి 1980ల మొదట్లో ఎన్నో ఊళ్లు మునిగినప్పుడు నదీతీరంలోని పాత ఆలయాలను పురావస్తుశాఖ వాళ్లు విప్పి ఎత్తుకి తరలించారు. రాయి రాయికీ అంకె వేసి, ఏది ఏ వరసలో ఉందో కాగితం మీద గీసుకుని, బండ్లమీద తెచ్చి మళ్లీ అదే వరసలో పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలాగే అలంపురం చేరింది. జటప్రోలు గుళ్లూ అలాగే పైకొచ్చాయి.

ఇది విన్నాక బావ గుడిగోడ దగ్గరకెళ్లి రాళ్ల కీళ్లను చేత్తో తడిమి చూశాడు. ‘ఉస్తాద్ చేసేదీ ఇదే’ అన్నాడు. నిజమే. ఇంజిను హెడ్డు విప్పేటప్పుడు ఉస్తాద్ ఒక అట్టపెట్టెకు పన్నెండు చిల్లులు పెడతాడు. తీసిన ప్రతి పుష్‌రాడ్‌నూ దాని అంకె ఉన్న చిల్లులోనే గుచ్చుతాడు. చూడ్డానికి పన్నెండూ ఒక్కలాగే ఉంటాయి. కానీ ఇన్నేళ్లుగా ఒక్కోటీ తన రాకర్‌తో, తన టాపెట్‌తో కలిసి అరిగింది. ఒకదాని చోట ఇంకోటి పెడితే కొత్తగా అరగడం మొదలవుతుంది. మళ్లీ బిగించేటప్పుడూ ఒక వరస ఉంటుంది. హెడ్డు బోల్టులను మధ్యలోంచి మొదలుపెట్టి అంచులవైపు, కొంచెం కొంచెంగా మూడు విడతల్లో బిగించాలి. ఒక కొస నుంచి బిగించుకుంటూ పోతే హెడ్డు వంగుతుంది.

అవతలి గట్టుకు వెళ్లే బోటులో ఇంకో ఇంజిను పరిచయమైంది. ఒకే సిలిండరు డీజిల్. టకటకమంటూ చెక్కలన్నీ అదిరిపోయేలా కొడుతుంది. కృష్ణ నీళ్లే గొట్టంలోంచి లోపలికెళ్లి వేడిని మోసుకుని బయట పడుతున్నాయి. రేడియేటర్ లేదు, ప్లగ్గు లేదు, కార్బొరేటర్ లేదు. బావ బండి గురించి విని బోటు నడిపే అతను నవ్వాడు. ‘ఆరు గుండెలకు ఆరు రోగాలు సార్! మాది ఒక్కటే గుండె. డీజిలు పోస్తే కొట్టుకుంటది.’ మా మేనల్లుడు చప్పట్లు కొట్టాడు. కానీ ఆ చప్పుడులో పక్కన కూర్చున్న అక్క మాట నాకు వినపడలేదన్నది కూడా చెప్పాలి.

ఈ బోట్ల మాటెత్తితే ఇక్కడివాళ్ల గొంతు మారిపోయే సందర్భం ఒకటుంది. 2007 జనవరిలో అవతలి నెహ్రూనగర్ నుంచి ఇటు మంచాలకట్టకు వస్తున్న పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. సోమశిల-సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలన్న కోరిక ఆ తర్వాత మరీ గట్టిపడింది. కల్వకుర్తి నుంచి నంద్యాలకు వెళ్లే 167-కె జాతీయ రహదారిలో భాగంగా సుమారు 1,082 కోట్ల రూపాయలతో తీగల వంతెనకు 2022లో కేంద్రం ఆమోదం చెప్పింది. అది పూర్తయితే సోమశిల రోడ్డు చివరి ఊరు కాదు, దారిలో వచ్చే ఊరవుతుంది. ఒడ్డున టీకొట్టు నడిపే పెద్దాయన్ని అడిగితే ‘మంచిదే గదా బిడ్డా, మనుషులు మునగరు’ అన్నాడు.

డీజిలా... పెట్రోలా?

సాయంత్రం గెస్ట్‌హౌస్ వరండాలో తగువు మళ్లీ మొదలైంది. మా మేనల్లుడి వాదనలో బలం లేకపోలేదు. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు ఇచ్చే బండి. సోమశిలకు వెళ్లి రావడానికి 70 లీటర్ల పైమాటే. లీటరు వంద దాటాక ఒక్క ప్రయాణానికి ఏడు వేలకు పైనే! దీనికి తోడు పెట్రోలే మారిపోయింది. పాత ఇంజిన్లకు ఇది రెండో గండం. మొదటిది సీసం. వాల్వులు కూర్చునే చోటు అరిగిపోకుండా పెట్రోల్లోని సీసం ఒక పూతలా కాపాడేది. మనుషుల ఆరోగ్యానికి అది విషం కాబట్టి మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి తీసేశారు. చివరిగా అల్జీరియా 2021లో ఆపేయడంతో ప్రపంచంలోనే కార్లకు సీసం పెట్రోలు లేకుండా పోయింది. అది పోవాల్సిందే, ఎవరూ బాధపడక్కర్లేదు.

రెండోది ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు మొదలైంది. 2025 నాటికి బంకుల్లో ఎక్కడ చూసినా అదే. ఇథనాల్ పాత రబ్బరు పైపులనూ, కార్క్ వాషర్లనూ ఉబ్బించి పగలగొడుతుంది. గాల్లోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి బండిని నెలలతరబడి కదపకపోతే ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. ఏళ్లుగా ట్యాంకులో పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టరుకు తెస్తుంది. పైగా పెట్రోలుతో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో శక్తి దాదాపు మూడోవంతు తక్కువ. ఆ మేరకు మైలేజీ కూడా తగ్గుతుంది. కొత్త బండ్లలో కంప్యూటర్ ఇదంతా సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు.

బావ దగ్గర దీనికీ జవాబుంది. పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్పించాడు. ఫిల్టరు పారదర్శకంగా ఉండేది పెట్టించాడు, మడ్డి చేరితే కంటికి కనపడాలని. కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే జెట్ ఒక సైజు పెద్దది వేయించాడు. పదిహేను రోజులకోసారి పది కిలోమీటర్లైనా తిప్పుతాడు. ఎక్కువ రోజులు ఆపాల్సివస్తే ట్యాంకు నిండా పోయిస్తాడు, లోపల తేమ గాలికి చోటు లేకుండా. ఆయిల్ 20డబ్ల్యూ-50 మినరల్, ఐదు వేల కిలోమీటర్లకో ఆరు నెలలకో ఏది ముందైతే అప్పుడు మార్పిస్తాడు. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. పెద్ద ఖర్చు పెట్రోలే.

నా మటుకు నాకు బావ పక్షమే సరైనదనిపించింది, ప్రేమ వల్ల మాత్రమే కాదు. రోజూ తిరిగే బండి అయితే మా మేనల్లుడి లెక్క గెలుస్తుంది. ఏడాదికి నాలుగు ప్రయాణాలు చేసే బండికి లక్షలు పోసి డీజిల్ ఇంజిను బిగిస్తే ఆ డబ్బు ఎన్నేళ్లకు తిరిగొస్తుంది? ఇంజిను మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద రవాణాశాఖ అనుమతి కూడా కావాలి. అన్నిటికన్నా పెద్ద మెలిక ఇంకొకటుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అన్న అక్షరాలొస్తాయి. రుసుము 20 వేల రూపాయలు. ర్యాలీలకూ ప్రదర్శనలకూ తప్ప రోజువారీ తిరగడానికి మాత్రం ఒప్పుకోరు. షరతేంటంటే, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అంటే డీజిల్ గుండె బిగించినరోజే ఆ తలుపు మూసుకుపోతుంది. సైన్యం వేలంలో కొన్నవాళ్లు తమ కాగితాల్లో మొదటి రిజిస్ట్రేషన్ తేదీ ఏముందో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఈ చివరి సంగతి మా మేనల్లుడికి అప్పటిదాకా తెలియదు. ఫోన్‌లో వెతికి చదువుకున్నాడు. కాసేపయ్యాక ‘మరి ఆ ఆరో సిలిండరు సంగతి ఎప్పుడు చూద్దాం నాన్నా?’ అని అడిగాడు. హెడ్డు విప్పేరోజు తనూ ఉంటానన్నాడు. అట్టపెట్టె తెస్తాడట.

వెళ్లాలనుకుంటే...

సోమశిలకు సెప్టెంబరు నుంచి జనవరి దాకా అనువైన కాలం. జలాశయం నిండుగా ఉంటుంది, ఎండ తక్కువ. సంగమేశ్వరం గుడి చూడాలనుకునేవాళ్లు మాత్రం వేసవిలో వెళ్లాలి. ఏడాదిలో చాలా నెలలు మునిగుండే ఆ గుడి నీళ్లు తగ్గాకే బయటపడుతుంది. లోపల పూజలందుకునేది వేపచెక్కతో చేసిన లింగం. బోటెక్కేముందు లైఫ్ జాకెట్ అడిగి తీసుకోవాలి, పిల్లలకు తప్పనిసరిగా తొడిగించాలి. జనం ఎక్కువగా ఎక్కితే దిగిపోయి తర్వాతి బోటు కోసం ఆగడమే మేలు. పాత బండిలో వెళ్లేవాళ్లు పెట్రోలు కొల్లాపూర్‌లోనే పోయించుకుని, ఒక ఫ్యాన్ బెల్టు, ఒక సీబీ పాయింట్ సెట్టు, కండెన్సర్, రెండు ప్లగ్గులు, ఐదు లీటర్ల మంచినీళ్లు, ఒక పాత నూలుగుడ్డ వెంట పెట్టుకుంటే చాలు. ఒడ్డున బండి ఆపేటప్పుడు నదివైపు వాలుగా కాకుండా అడ్డంగా పెట్టి, చక్రాల కింద రాళ్లు వేయడం మర్చిపోవద్దు.